పంచెతో వడగట్టిన నీళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేసవి. తిరుపతిలో నీటి పరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చోవడం నా ఉద్యోగం. పులికాట్ సరస్సు ఒడ్డు నుంచి మునస్వామి అనే జాలరి సీసాలో నీళ్లు తెచ్చాడు. ఆల్చిప్పలు తిన్న పక్కింటి వాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయట. తన ఇంట్లో కోడలికి ఆరో నెల. పొద్దున ఏరిన ఆల్చిప్పలు బకెట్లో ఉన్నాయని, వండుకోవచ్చో లేదో చెప్పమన్నాడు.

"వల కట్టిన కర్రలకంతా ఏందో జిగట పట్టుండాదమ్మా" అని కూడా అన్నాడు. నేను సరిగా వినిపించుకోలేదు.

స్లయిడు మీద చుక్క వేసి చూశాను. ఒకటీ అరా నాచు కణాలు తప్ప ఏమీ లేవు. భయం లేదు, వండుకోండి అన్నాను. అంత ధైర్యంగా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సీసా కడగబోతే మూతి దగ్గర తెల్లటి నూలు పోగు కనిపించింది. మాది నగరి, మగ్గాల ఇల్లు. నూలు పోగును గుర్తుపట్టడానికి నాకు మైక్రోస్కోపు అక్కర్లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"మీకు మురికినీళ్లిస్తే మర్యాద గాదని పంచె నాలుగు మడతలేసి వడగట్టినానమ్మా" అన్నాడు బస్సులోంచి.

ఆ ఆల్చిప్పలు ఎవరినీ తిననివ్వొద్దన్నాను.

"ఇంటికి చెప్పేసినాను గదమ్మా, వండుకోమని."

ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఆయన ఊరు చేరడానికి ఇంకా రెండు గంటలు. చదువుకున్నదంతా అప్పుడు గుర్తొచ్చి నన్ను తినేసింది. ఎండలకు సరస్సు తగ్గి ఉప్పు పెరిగినప్పుడు, నీళ్లు కదలనప్పుడు, కొన్ని రకాల సూక్ష్మమైన నాచులు నీళ్లలో తేలవు. కర్రనో, పాత నైలాన్ వల ముడులనో పట్టుకుని పొరగా పెరుగుతాయి. ఊడి నీళ్లలో కలిసిన కాసినీ ఆ పంచె మడతల్లోనే ఆగిపోయి ఉంటాయి. దాన్ని మేం బయోఫిల్మ్ అంటాం. అందులో విషం పుట్టించేవీ ఉంటాయి. ఆ విషం ఆల్చిప్పల్లో చేరితే ఉడికించినా పోదు.

మూడింటికి మునస్వామి నుంచి ఫోన్ వచ్చింది. కోడలు తినేసింది. సాయంత్రానికి ఆమెను ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టారు. రెండు రోజులు ఫోన్ మోగితే చాలు, ఆసుపత్రి నుంచేనేమోనని పరుగెత్తేదాన్ని. చివరికి ఆమె కోలుకుంది, కడుపులో బిడ్డకూ ఏమీ కాలేదు.

వారం తర్వాత మునస్వామి వల ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కడగలేదమ్మా. ఏమనుకోవద్దు" అన్నాడు తలొంచుకుని.

జిగట గీకి చూస్తే స్లయిడంతా నేను భయపడిన ఆ రకమే. క్షమించమని అడగాల్సింది నేను. అడిగింది ఆయన.

ఇప్పుడు ఎవరు నీళ్లు తెచ్చినా, సీసా మూత తీయకముందే, నా మీద మర్యాద కొద్దీ వీటిని ఏం చేశారని అడుగుతాను.