బట్టల్లేని రేవులో సూటు బగ్బీ

ఎమెట్ బగ్బీకి ఉన్న జబ్బు ఒక్కటే. ఒంటి మీద నూలుపోగు లేకుండా హాయిగా పడుండటానికి జనం ఎక్కడెక్కడి నుంచో పడవలేసుకుని వచ్చే రేవుకి, ఆయన సూటేసుకుని వచ్చేవాడు.

పల్చటి సూటు అనుకునేరు. గోధుమరంగు ఉన్ని సూటు. లోపల చేతుల్లేని కోటు ఇంకోటి, దానికి ఆరు గుండీలు. చొక్కా గుండీలు గొంతు దాకా. పైన టై. కింద సాక్సులు, లేసుల బూట్లు. బండ మీద గుడ్డు కొడితే ఆమ్లెట్ అయిపోయే ఎండలో, పన్నెండేళ్ళ పాటు, ఆదివారం ఆదివారం ఇదే వేషం.

ఆ రేవుని గాడిదల మూల అంటారు. కొలరాడో నదికి ఆనకట్ట కట్టాక వెనక నిలిచిన నీళ్ళు ఎడారి కొండల సందుల్లోకి పాకి, ఆ మూల కాస్త ఇసక మేట వేసింది. రోడ్డు లేదు. పడవ మీద గంట ప్రయాణం. బట్టలు విప్పి తీరాలన్న రూలేమీ లేదక్కడ. ఇష్టమైతే విప్పొచ్చు, లేకపోతే మానొచ్చు. కానీ ఇష్టం లేనివాడు గంట సేపు పడవలో ఎందుకొస్తాడు? బగ్బీ ఒక్కడే వస్తాడు.

ఆయన్ని వారం వారం మోసుకొచ్చే ఖర్మ డోయల్ స్టబ్స్‌ది. డోయల్ ఊళ్ళో పడవలు కట్టేసే గట్టు మీద కూలి. పుచ్చిన చెక్కలు మార్చటం, గొలుసులు లాగటం, సిమెంటు దిమ్మలు మోయటం. యాభై మూడేళ్ళకే నడుం విల్లులా వంగింది. వారానికి ఆరు రోజులు మేస్త్రీ తిట్లు, ఏడో రోజు ఓ సొట్టల రేకు పడవ, గాడిదల మూల. బతుకులో ఆయనకున్న సుఖం ఆ పడవా, ఆ ఆదివారమూ. బగ్బీకి పడవ లేదు. పొద్దున్నే టై సర్దుకుంటూ గట్టు మీద నిలబడి ఉండేవాడు, డోయల్ ఎక్కించుకునేవాడు.

"సూటెందుకు బగ్బీ గారూ?" అని అడగని ఆదివారం లేదు.

"కొంచెం చలేస్తేనూ," అనేవాడు ఓ వారం.

"గుండీలు బిగుసుకుపోయాయి, రావట్లేదు," ఇంకో వారం.

"దార్లో పెళ్ళేదైనా తగిలితే?"

"నది మధ్యలో పెళ్ళేమిటండీ?"

"అదే కదా, చెప్పలేం."

ఓసారి ప్రభుత్వం వాళ్ళ గస్తీ పడవ వచ్చింది. అందులోని ఆఫీసరు కొత్తవాడు. ఒడ్డు మీద ముప్ఫై మంది టోపీలూ చెప్పులూ తప్ప ఇంకేమీ లేకుండా కూర్చుని పుచ్చకాయ తింటున్నారు. ఆఫీసరు వాళ్ళ వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా బగ్బీ దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి, "అయ్యా, మీకేం ఇబ్బంది లేదు కదా? ఎవరైనా బలవంతంగా పట్టుకొచ్చారా?" అని అడిగాడు.

ఇంకోసారి బైనాక్యులర్లు పట్టుకుని పెద్ద పడవ నిండా కుర్రకారు దిగబడ్డారు. వాళ్ళొచ్చింది ఎవర్ని చూడటానికో మనకి తెలుసు. కానీ బైనాక్యులర్లన్నీ బగ్బీ మీదే ఆగిపోయాయి. "ఒరేయ్, అటు చూడండ్రా, ఆయన టై కట్టుకున్నాడ్రా!" అని ఒకడు అరిచాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వి, అసలు సంగతి చూడకుండానే వెళ్ళిపోయారు.

అడవి గాడిదలు మధ్యాహ్నం నీళ్ళకొస్తాయి. వాటికి మనుషుల భయం లేదు, బట్టల్లేని మనుషుల భయం అసలే లేదు. కానీ బగ్బీని చూస్తే చాలు, చెవులు వెనక్కి పెట్టేవి. ఒకటి మాత్రం ధైర్యం చేసి వెనకనించి వచ్చి ఆయన కోటు వెనక అంచు సగం నమిలేసింది. రేవు పెద్ద ఎర్లీన్ పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, మెళ్ళో ఈల ఎప్పుడూ ఉంటుంది, ఇంకేమీ ఉండదు. "ఇప్పటికైనా విప్పెయ్యవయ్యా! గాడిదకే ఓపిక నశించింది!" అంది.

"చిరుగు వెనక వైపు కదా. నాకు కనపడదు," అన్నాడు బగ్బీ.

ఇలా ఉండగా డోయల్ నెత్తిన పిడుగు పడింది. ఆయన భార్య నడీన్ ఓ మోటెల్లో దుప్పట్లు ఉతుకుతుంది. పెళ్ళయిన పదేళ్ళలో ఒక్కసారి కూడా గాడిదల మూలకి రాలేదు. నా పొట్టా నా మచ్చలూ ఊరందరికీ ఎగ్జిబిషన్ పెట్టాలా అనేది. డోయల్ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. "నేను చూడు, మొదటి రోజు పడవ ఆగీ ఆగకముందే విప్పి అవతల పారేశా," అని గొప్పలు పోయేవాడు.

ఒక రోజు కాఫీ తాగుతూ తేల్చేసింది. "సరే, వస్తా. ఒక్కసారి. నచ్చకపోతే ఆ పడవ అమ్మెయ్యాలి. ఆదివారాలు ఇంట్లో నాతో ఉండాలి. పదేళ్ళుగా నా ఆదివారాలన్నీ గోడల్ని చూస్తూ గడిచాయి. ఒప్పుకుంటావా?"

డోయల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక అసలు సంగతి గుర్తొచ్చింది. అంతా బాగానే జరగొచ్చు, ఒక్క బగ్బీ లేకపోతే. సూటు మనిషిని చూస్తే నడీన్ తన గుండీ ఒక్కటి కూడా తియ్యదు. అందుకని బగ్బీకి ఓ అబద్ధం చెప్పాడు. "ఈ వారం మోటారు చెడిపోయింది బగ్బీ గారూ, రావట్లేదు," అన్నాడు.

"అయ్యో, పోన్లెండి," అన్నాడు బగ్బీ.

ఆదివారం పడవ మూల తిరిగేసరికి ఒడ్డు మీద మొదట కనిపించింది గోధుమరంగు సూటు. ఆయన ఎర్లీన్ పడవలో వచ్చేశాడట.

డోయల్ నడీన్‌కి సూటు కనపడకుండా అడ్డం నిలబడబోయాడు. కానీ అంతకంటే ముందు ఇంకో ఉపద్రవం వచ్చింది. గాడిదల మూలలో ఓ పద్ధతుంది, కొత్తవాళ్ళొస్తే అందరూ లేచి, వరసలో నిలబడి, ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలపాలి. మర్యాద. ముప్ఫై మందీ లేచారు. అందరికంటే ముందు లారీ డ్రైవరు హైరమ్, ఆరడుగుల మనిషి, భుజం నిండా పచ్చబొట్లు, చెయ్యి చాపుకుని నీళ్ళల్లోకే వచ్చేశాడు.

"రా చెల్లెమ్మా, రా రా! నీ కోసమే చూస్తున్నాం!"

నడీన్ ఒంటి మీద జిప్పు జాకెట్టు, దాని మీద లైఫ్ జాకెట్టు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, బ్యాగు మీద రెండు చేతులు. కిందికి చూడకుండా టోపీ చూసి మాట్లాడమని డోయల్ దార్లో చెప్పాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, "మీ టోపీ చాలా బాగుందండీ," అంది.

"నేనివాళ టోపీ పెట్టుకోలేదమ్మా," అన్నాడు హైరమ్.

"డోయల్," అంది నడీన్ పళ్ళ మధ్యలోంచి, "పడవ తిప్పు."

"ఒక్క నిమిషం నడీన్, ఒకే ఒక్క..."

"తిప్పు. రేపే అమ్మేద్దాం."

అప్పుడు వరసని చీల్చుకుంటూ బగ్బీ వచ్చాడు. బూట్లతో, సాక్సులతో, మోకాలి దాకా నీళ్ళల్లోకి దిగి పడవ పక్కన నిలబడ్డాడు. డోయల్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, పడవ పోయింది అనుకున్నాడు.

"అమ్మా," అన్నాడు బగ్బీ మెల్లగా, "మీరు ఏమీ అనుకోకపోతే, నా గొడుగు కింద ఇంకో కుర్చీ ఉంది. కాసేపు కూర్చుంటారా? వీళ్ళంతా ఇలా ఉంటే నాకొక్కడికీ సిగ్గుగా ఉంది."

నడీన్ ఒక కన్ను తెరిచింది. ముందు టై కనిపించింది. రెండో కన్ను కూడా తెరిచింది.

"పాపం," అంది, "ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నారు?" అని, పడవ దిగింది.

ఇక ఆ గొడుగు కింద మాటలే మాటలు. ఉన్ని మీద సాసు మరక పడితే వెనిగర్ మంచిదా సోడా మంచిదా అన్న దాని మీదే గంట గడిచింది. బగ్బీ ముప్ఫై ఏళ్ళు చెప్పుల కొట్లో పనిచేశాడట. "బూట్లు వేసి చూడాలంటే ముందు పాతవి విప్పాలి కదమ్మా. సాక్సుకి చిల్లుందని తెలిస్తే పెద్ద పెద్దవాళ్ళు కూడా కాలు కుర్చీ కిందికి లాక్కునేవాళ్ళు. నేను అటు తిరిగి పెట్టెలు సర్దేవాణ్ణి," అన్నాడు. నడీన్ పడీ పడీ నవ్వింది.

డోయల్‌కి ఆ నవ్వు వినపడలేదు. దూరంగా, ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట, విప్పాలో తొడుక్కోవాలో తెలీక నిలబడి ఉన్నాడు. భార్య జాకెట్టు జిప్పు గొంతు దాకా ఉండటమే చూశాడు. కుంటుకుంటూ ఎర్లీన్ దగ్గరికి పోయాడు.

"నా కొంప ముంచాడు ఎర్లీన్! మా ఆవిడ ఇక జన్మలో ఒక్క గుండీ కూడా తియ్యదు. పడవ పోయింది. ఆయనకి చెప్పండి, ఇక్కడికి రావద్దని చెప్పండి!"

ఎర్లీన్ ఈల నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. అటూ ఇటూ చూసింది.

"డోయల్, ఎవరికీ చెప్పనంటే ఓ మాట. నేను మొదటి రోజు ఆ కుర్చీలోనే రెండు గంటలు కూర్చున్నా. రెయిన్‌కోటు వేసుకుని."

"మీరా? పడవ దిగకముందే విప్పేశానని చెప్తారు కదా?"

"అందరికీ అదే చెప్తా. మరేం చెప్పను?"

పక్కనే పడుకున్న హైరమ్ తువ్వాలు మీంచి తలెత్తాడు. "రెండు గంటలేనా? నేను రెండు ఆదివారాలు కూర్చున్నా. నాకు సిగ్గుగా ఉంది, తోడు కూర్చోవా నాయనా అన్నాడు ఆయన. పాపం ముసలాయనకి తోడుందాం అనుకుని కూర్చున్నా."

"నాకూ అదే చెప్పాడు!" అంది ఎర్లీన్. "నేనే ఆయనకి సాయం చేస్తున్నానని ఇన్నేళ్ళూ అనుకుంటున్నా."

ఇంకొకాయన లేచాడు, తనూ అంతేనన్నాడు. ఇంకొకావిడ. ఇంకొకరు. మొదటి రోజే ఎగిరి దూకామని పన్నెండేళ్ళుగా ఒకరి మీద ఒకరు గొప్పలు చెప్పుకుంటున్న ముప్ఫై మందీ, ఒక్కళ్ళు కూడా మిగలకుండా, ఆ గొడుగు కింద కుర్చీలో కూర్చున్నవాళ్ళే.

"అది సరే," అన్నాడు హైరమ్, "కొత్తవాళ్ళు లేని రోజు కూడా సూటెందుకు?"

"ఎవరు ఎప్పుడొస్తారో ముందు తెలుస్తుందేంట్రా?" అంది ఎర్లీన్.

అందరూ గొడుగు వంక చూశారు. తర్వాత అందరూ డోయల్ వంక తిరిగారు.

"నేనా? నేను పడవ ఆగీ ఆగకముందే..."

"డోయల్."

"...మూడుంపావు గంటలు," అన్నాడు డోయల్, తన ప్యాంటు కాలు చూసుకుంటూ. "బ్యాటరీల గురించి మాట్లాడుకున్నాం."

"డోయల్!" గొడుగు కింద నుంచి నడీన్ కేక. "ఇటు రా!"

ఆయన వెళ్ళాడు. వెనకాల ముప్ఫై మందీ వెళ్ళారు. నడీన్ జాకెట్టు జాకెట్టులాగే ఉంది. చెప్పులు మాత్రం విడిచి, పాదాలు తడి ఇసకలో పెట్టుకుని కూర్చుంది.

"పడవ అమ్మక్కర్లేదు," అంది. "వచ్చే ఆదివారం నేనూ వస్తున్నా."

"మరి... విప్పుతావా?"

"బుద్ధుందా నీకు? నేనిక్కడ కూర్చుంటా. ఈయన పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఈత కొట్టలేదట, ఎవరైనా వస్తారేమోనని. ఇక ఎవరొచ్చినా నేను చూసుకుంటా." బగ్బీ వైపు తిరిగింది. "లేవండి. వెళ్ళి నీళ్ళల్లో దూకండి."

"ఇప్పుడా?" బగ్బీ కాలరు పట్టుకున్నాడు. "చలేస్తుందేమోనమ్మా."

"బండలు పేలిపోతున్నాయి ఎండకి."

"గుండీలు రావేమో."

"నా బ్యాగులో కత్తెరుంది."

బగ్బీ లేచాడు. చుట్టూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అయితే... అందరూ కాస్త అటు తిరుగుతారా?"

ఎర్లీన్ ఈల ఊదింది. ఒంటి మీద గుడ్డ లేని ముప్ఫై మందీ సిగ్గుతో కొండ వైపు తిరిగి, చేతులతో మొహాలు కప్పుకున్నారు.

"హైరమ్, వేళ్ళ సందుల్లోంచి చూడకు!"

"చూడట్లేదమ్మా, ఒట్టు!"

టై ముడికే అయిదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత చేతుల్లేని కోటు, ఆరు గుండీలు. ఆ తర్వాత చొక్కా. బూట్ల లేసులు తడికి ముడిపడిపోయాయి. ముప్ఫై వీపులు ఎండకి వేగిపోతున్నాయి, ఒక్కరూ కదల్లేదు. చివరికి వెనక నుంచి ధబ్బుమని నీళ్ళ చప్పుడు, దాని వెంటే ఓ పెద్ద కేక.

"అమ్మోయ్! ఇంత చల్లగా ఉన్నాయని ఎవరూ చెప్పరేం!"

"పైనున్న ఇంకో ఆనకట్ట అడుగు నుంచి వచ్చే నీళ్ళు బగ్బీ గారూ!" అని డోయల్ కొండతో అరిచాడు. "అలాగే ఉంటాయి!"

ఆయన చాలాసేపు ఈదాడు. పాడాడు కూడా. ఆ గొంతు విని గాడిదలు కొండెక్కేశాయి. తర్వాత చప్పుడు లేదు. ఎంతకీ పైకి రాడు.

"ఏమైందండీ?" అంది నడీన్ కొండ వైపే చూస్తూ.

"తువ్వాలు," అన్నాడు బగ్బీ. "నాకు తువ్వాలు లేదమ్మా. ఎప్పుడూ అవసరం పడలేదు."

ముప్ఫై మంది వెనక్కి తిరక్కుండానే వెనక్కి నడవటం మొదలెట్టారు. ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ, తలా ఒక తువ్వాలు వీపు వెనక నుంచి నీళ్ళ వైపు చాచి పట్టుకున్నారు. అందరికంటే ముందు డోయల్. అప్పటికి ఆయన ప్యాంటు రెండో కాలు కూడా ఎక్కడో రాలిపోయింది.

నీళ్ళల్లోంచి తల మాత్రం బయట పెట్టి బగ్బీ ఆ ముప్ఫై తువ్వాళ్ళనీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"వీటిల్లో," అన్నాడు మొహమాటంగా, "ఇస్త్రీ చేసింది ఏదైనా ఉందా?"