లైన్ క్లియర్ మావయ్య

"లైన్ క్లియర్" అన్న మాట చెవిన పడందే మా జగన్నాథం మావయ్య ఏ పనీ చేయడు. కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, వంటింటి వైపు చూస్తాడు.

"లైన్ క్లియరా?"

"క్లియర్!" అని లోపల్నుంచి లక్ష్మీనరసమ్మత్తయ్య అనాలి. అప్పుడు గానీ ముద్ద నోట్లోకి పోదు.

ఒకసారి మంగలి, "మూఛ్ కూడా తీసేయనా కాకా?" అని అడిగాడట. అత్తయ్య ఇంట్లో లేదు. మావయ్య మొహం నిండా నురగతో, మెడలో తువ్వాలుతో బుధవారీ బజారుకి పరుగెత్తాడు. అత్తయ్య వంకాయలు బేరమాడుతోంది.

"మీసం తీసీనా అంటున్నాడు. లైన్ క్లియరా?"

అత్తయ్య వంకాయ చేత్తో పట్టుకునే మావయ్య మొహాన్ని అటూ ఇటూ పరీక్షగా చూసింది. "డేంజర్!" అంది.

మీసం బతికిపోయింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ దగ్గర మా పక్కిల్లు వాళ్ళదే. మావయ్య స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడనే చిన్నప్పుడు అనుకునేదాన్ని. తీరా చూస్తే షెడ్డులో ఫిట్టరు! ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మావయ్యా, పానా పట్టుకునేవాడివి, లైన్ క్లియర్‌తో నీకేటి పని?"

అత్తయ్య పెరట్లో ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఆ మాట నాది కాదు మైత్రమ్మా, మీ అత్తది. బిల్హా దాటాక ఓ చిన్న స్టేషన్లో ఆళ్ళ నాన్న మాస్టరు. ముందు స్టేషనోళ్ళు లైన్ క్లియర్ ఇస్తే గానీ ఈయన బండి వదలడు. ఈవిడ బల్ల పక్కన కూకుని అదే చూసేది. తనూ మాస్టరవుతానంది. ఆడపిల్లకి రాత్రి డ్యూటీలేటని నాకిచ్చి చేసీసారు."

"పాపం!"

"పెళ్ళైన కొత్తలో కూత వినబడితే చాలు, గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయేది. ఏటే అంటే, ఏటీ లేదండీ అనేది. స్టేషన్ నేనెక్కణ్ణుంచి తెస్తాను? ఇల్లుంది, నడపడానికి నేనో బండినున్నాను గదా అనుకున్నాను."

నాకు నవ్వొచ్చింది. లేచి పెరట్లోకి, అత్తయ్య వైపు తొంగిచూశాను.

ఆ ఆదివారమే ఇద్దర్నీ లోకల్ ఎక్కించి ఆ స్టేషన్‌కి తీసుకెళ్ళాను. ఇప్పుడక్కడ మాస్టరు ఓ అమ్మాయి. గూడ్సు వస్తోంటే పచ్చజెండా పట్టుకుని బయటికొచ్చింది. కాస్త దూరంలో అత్తయ్య కొంగు బిగించి, నిటారుగా నిలబడింది. ఆఖరి పెట్టె దాటేదాకా రెప్ప వేయలేదు.

ఆ అమ్మాయి గమనించింది. "దాదీ, మీరూ రైల్వేలో చేశారా?" అని హిందీలో అడిగింది.

అత్తయ్య నోరు తెరిచేలోపు మావయ్య అందుకున్నాడు. "హాఁ జీ. స్టేషన్ మాస్టర్. ఒక్క యాక్సిడెంట్ లేదు!"

"అచ్ఛా!" అంటూ ఆ అమ్మాయి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. "కూర్చోండి మేడమ్."

అత్తయ్య మావయ్యని ఉరిమి చూసింది. కానీ కూర్చుంది.

కాసేపటికి మా తిరుగు లోకల్ వచ్చి ఆగింది. నేను సంచీ అందుకున్నాను. అత్తయ్య కదల్లేదు.

"ఎల్లనీ. ఇంకోటి ఉంటాది గదా," అంది పట్టాల వైపే చూస్తూ.

మావయ్య వేరుశనక్కాయలు కొనడానికి వెళ్ళాడు.