హెల్ప్‌లైన్‌లో శారద గొంతు

ఈ సాయంత్రం తమిళనాడు సరిహద్దులోని మా వేప్పనపల్లిలో నాకు ఒళ్ళు జలదరించింది. హోసూరు కాల్ సెంటర్‌లో ఉద్యోగం పోయిన మా వీధి శారదకు కొత్త పని నేర్పే శిక్షణలో సీటు కావాలి. కేంద్ర సర్కారు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, తెలుగు ఎంచుకుని స్పీకర్ పెట్టాను.

"నమస్కారం, మీకు ఎలా సహాయపడగలను?" అంది మిషన్.

శారద ముఖం పాలిపోయింది. "అది నా గొంతే అన్నా! పోయినేడు కంపెనీలో నాతో పుస్తకాల తెలుగు చదివించి రికార్డు చేసుకునినారు. ఆమీట మిషన్ పెట్టి నన్ను పంపించేసినారు."

"అయితే నీ మాట కాదనదులే, అడుగు," అన్నాను.

"పనిలోంచి తీసేసినారమ్మా. యాడికి పోవల్లో తెలీలేదు. ఒక సీటు ఇప్పీమ్మా," అని శారద బతిమాలింది.

"క్షమించండి, మీ మాట అర్థం కాలేదు," అంది శారద గొంతు, తీయగా. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

చివరికి శారదే ఫోన్ కట్ చేసింది. మనిషిని గెంటేసి గొంతు ఉంచుకోవడాన్ని పెద్దలు అభివృద్ధి అంటున్నారు. మా ఊళ్ళో చేతబడి అంటాం. మీ ఊళ్ళో ఏమంటారు?