అలమేలు ఎడమచెయ్యి

పద్దెనిమిదేళ్లుగా అలమేలు ఉద్యోగం కదలకుండా కూర్చోవడం. వినడానికి సుఖంగానే ఉంటుంది గానీ, ముక్కు మీద ఈగ వాలినా చెయ్యెత్తకుండా ముప్పావుగంట కూర్చుని చూడండి, తెలుస్తుంది. రోజూ వ్యాసర్పాడి నుంచి బస్సెక్కి బొమ్మల కాలేజీకి వస్తుంది. తమిళం మాట్లాడే ఎమ్మే పిల్లల మధ్య స్టూలెక్కి కూర్చుంటే, వాళ్లు ఆమెను చూసి గీసుకుంటారు.

ఆమె ఎడమచేతికి మూడే వేళ్లు. పెళ్లికి ముందే, అట్టపెట్టెల కంపెనీలో కోత మిషను నడిమి రెండింటినీ తీసుకుపోయింది. ఆ చేతిని ఆమె ఏనాడూ కొంగుచాటున దాచలేదు, మోకాలి మీదే పెట్టుకునేది. అయినా ఏ బొమ్మలో చూసినా నిండుగా ఐదు వేళ్లు. జాలిగుండె పిల్లలు పూరించేస్తారు మరి. ఇదెవరి చెయ్యి అని అడగాలని ఆమెకు ఎంతగానో ఉండేది. కానీ కూర్చునేవాళ్లు మాట్లాడకూడదని మొదటిరోజే చెప్పారు.

ఈ శుక్రవారం నివేదిత ప్రసంగం. పెరంబూరు తెలుగింటి పిల్ల, పదేళ్ల కిందట ఇక్కడే చదివింది, టీ వేళల్లో అలమేలుతో తెలుగులో కబుర్లాడేది. ఇప్పుడు పేరున్న చిత్రకారిణి. ఈ పిల్లనైతే అడగొచ్చు అనుకుంది అలమేలు. అందరూ రావచ్చని గోడ మీద అంటించారు గానీ, ఆ అందరిలో తానుందో లేదో అనుమానం. వాచ్‌మన్ సెల్వాన్ని అడిగితే, ఊరంతా వస్తుంటే నీకేం రోగమని కసిరాడు. ఆ కసురు చాలు. నేరుగా పోయి ముందు వరసలో కూర్చుంది.

నివేదిత తమిళంలో మాట్లాడింది. కంటికి కనబడిందే గీస్తానని, ఒక్క గీత కూడా అబద్ధం వెయ్యనని చెబితే హాలంతా చప్పట్లు. తర్వాత తన చదువునాటి బొమ్మ ఒకటి తెర మీద వేసింది. అలమేలు! గోడంత అలమేలు. మోకాలి మీద ఎడమచెయ్యి, దానికి ఐదు వేళ్లు.

అలమేలుకు ఒళ్లు ఝల్లుమంది. సంతోషమూ కోపమూ కలిసే వచ్చాయి. ప్రశ్నలుంటే అడగమన్నారు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని లేచి చెయ్యెత్తింది. పెద్దల ముందు ఎడమచెయ్యి ఎత్తకూడదంటారు, ఆమె అదే ఎత్తింది. ఆ ఊపులో తమిళం మరిచి తెలుగే నోటికొచ్చింది.

"పాపా, కనబడిందే గీస్తానంటివే. ఈ నడిమేళ్లు రెండూ నీకు యాడ కనబడినాయి?"

సగం మందికి మాట తెలియలేదు, చెయ్యి చూశాక తెలిసింది. ప్రొఫెసరు ఒకాయన కూర్చోమని సైగ చేశాడు. అలమేలు కూర్చుంటేగా!

నివేదిత ముఖం ఎర్రబడింది. మైకు పక్కన పెట్టింది. "నువ్వు బాధపడతావని భయపడితిని అలమేలక్కా."

"నడిమేళ్లు పోయిన బాధ ఎప్పుడో తీరె. ఎవురి చెయ్యో తెచ్చి నాకు అతికిస్తా ఉండారే, అది బాధ."

ఆ మాటల్ని నివేదితే తడబడుతూ తమిళంలో హాలుకు చెప్పింది. తెర ఆపేయించి, అలమేలును బోర్డు దగ్గరికి పిలిచి, మార్కరు తీసి ఆ చేతిని మళ్లీ గీయసాగింది. పిల్లలు కుర్చీలు వదిలి ముందుకు తోసుకొచ్చారు. అలమేలు చెయ్యి చాచి, మెడ తిప్పి ప్రతి గీతనూ చూసింది. బొటనవేలు, చూపుడువేలు, రెండు మొద్దులు, చివరన చిటికెనవేలు.

సరిగ్గా ఉందా అని నివేదిత అడిగింది. అలమేలు కళ్లు తుడుచుకుని బోర్డుకు మరింత దగ్గరగా వెళ్లింది.

"ఇది నాదే. చిటికెనేలు కొంచెం వంకర పాపా, అది గూడా ఏసెయ్."