పొయ్యి మీద పెట్టని పంపు

2001 వర్షాకాలం. మేడ్చల్ హైవే పక్కన ఓ పన్నెండు పడకల నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సును. మాది కృష్ణా జిల్లా. మా ఆయన ఉద్యోగం వల్ల దుండిగల్ దగ్గర కొత్తగా వేసిన కాలనీలో ఉండేవాళ్లం. రోజూ రెండు షేర్ ఆటోలు మారి డ్యూటీకి వచ్చేదాన్ని. అప్పటికి నా సర్వీసు తొమ్మిదేళ్లు. పని బాగా వచ్చని నాకు గట్టి నమ్మకం. కోపం కూడా బాగానే వచ్చేది. వార్డులో నా చెప్పుల చప్పుడు వినపడితే పేషెంట్ల తాలూకు వాళ్లు మంచాల మీద నుంచి లేచి నిలబడేవాళ్లు. అది గౌరవం అనుకునేదాన్ని.

ఈ సంగతి రాద్దామని కూర్చుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

గౌడవెల్లి నుంచి స్వరూప అనే అమ్మాయి కాన్పుకు వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. తొలిచూలు. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది, ఆరో నెలలో మానేసింది. భర్త పొద్దున్నే బండి మీద ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవాడు కాబట్టి వెంట తల్లి యాదమ్మ ఒక్కతే ఉండేది. ముప్పై నాలుగో వారానికే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. ఇలా నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ప్రీటర్మ్ బేబీలు అంటాం. బరువు కిలో ఏడువందల గ్రాములు. ఊపిరి బాగానే తీసుకుంటోంది గానీ పాలు చప్పరించే ఓపిక లేదు. రెండు గుటకలు వేసి నిద్రలోకి జారిపోయేది.

అలాంటి పిల్లలకు మా మేడమ్, అంటే ఆ నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ, ఒకటే రాసేది: ఈబీఎమ్. తల్లి పాలు పిండి, గిన్నెలోకి తీసి పట్టడం అన్నమాట. దాంతోపాటు ఆవిడకో రూలు ఉండేది. రెండు కిలోలు వచ్చేదాకా బిడ్డను రొమ్ముకు పెట్టకూడదు. చప్పరించడానికే బలమంతా ఖర్చయిపోయి బరువు తగ్గుతుందని ఆవిడ వాదన. ఆ రూలును ఆవిడ కన్నా నేనే గట్టిగా పట్టుకునేదాన్ని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారిని నేనే.

పాలు తీయడానికి పంపు ఇచ్చేవాళ్లం. ఇప్పటి కరెంటు పంపుల్లాంటిది కాదు. ఒక గాజు గరాటు, దాని వెనక ఎర్ర రబ్బరు బంతి. బంతి నొక్కి వదిలితే పాలు లాగుతుంది. కింద మా మందుల షాపులోనే దొరికేది. నిజం చెప్పాలంటే చేత్తో పిండుకోవడం నేర్పడమే మంచి పద్ధతి. కానీ దానికి ఒక్కో తల్లి దగ్గర అరగంట కూర్చోవాలి. పంపయితే చేతిలో పెట్టి వెళ్లిపోవచ్చు. మాకు పంపంటే అందుకే ఇష్టం.

పన్నెండు రోజులకు పిల్ల కిలో ఎనిమిది వందలయింది. ఇంటికి పంపించే రోజు నేను చెప్పాల్సిందంతా గడగడా అప్పజెప్పాను. "మూడు గంటలకోసారి పంపుతో పాలు తియ్యాలి. ఉగ్గుగిన్నెతో పట్టాలి. పంపు, గిన్నె ప్రతిసారీ మరిగే నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. రొమ్ముకు మాత్రం పెట్టొద్దు. వారానికి తీసుకురండి."

"అక్కా, నిన్న ఒళ్లె పండుకోబెట్టుకుంటే నోరు తెరిసి దేవులాడింది. జెరసేపు పెట్టి సూడనా?" అంది స్వరూప.

"రెండు కిలోలు అయ్యాక చూద్దాంలే."

యాదమ్మ కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. "సిస్టరమ్మా, ఒక్కటి అడుగుదునా? గా పంపుకు పాలు అంటుకొని ఉంటయి గదా. గదాన్ని పొయ్యి మీద..."

బయట ఓపీలో జనం నిండిపోయి ఉన్నారు. "పెద్దమ్మా, చెప్పింది చెయ్యండి. మాకు తెలియకుండానే చెప్తామా?" అని కేస్ షీటు మూసేశాను. ఆవిడ సరేనని తలూపింది.

సరిగ్గా వారానికి వచ్చారు. తూకంలో పిల్లను పెట్టి ముల్లు చూశాను. నమ్మకం కలగక తీసి మళ్లీ పెట్టాను. కిలో ఐదువందల యాభై. నాలుక ఎండిపోయి ఉంది. మాడు గుంటపడింది. ఏడుపు కూడా పిల్లికూన అరుపులా వస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మూడు దినాల సంది నీళ్ల లెక్క పోతాంది అక్కా," అంది స్వరూప.

"మరి మూడు రోజులూ ఏం చేస్తున్నారు?"

"నువ్వు వారానికి రమ్మన్నవ్ గదా."

సంచిలోంచి పంపు తీసి చూపించమన్నాను. తెల్లటి పాతగుడ్డలో ఎంతో జాగ్రత్తగా చుట్టి తెచ్చారు. గాజు తళతళలాడుతోంది. రబ్బరు బంతి నొక్కాను. విరిగిన పాల చుక్కలు రెండు నా అరచేతిలో పడ్డాయి. పులిసిన వాసన గుప్పుమంది.

"మరగబెట్టారా?"

యాదమ్మ తల అడ్డంగా ఊపింది. "లే బిడ్డా. సల్లనీళ్లతోని ఐదేసిసార్లు కడిగి ఎండల ఆరబెట్టిన."

ఇక నేను ఆగలేదు. పసిగుడ్డును చంపుకోవడానికే ఇంటికి తీసుకెళ్లారా అన్నాను. ఇరవై నిమిషాలు నీళ్లు కాచడానికి మీ ఇంట్లో కట్టెలు లేవా అన్నాను. మీకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే అన్నాను. ఆ 'మీకు' అన్న మాటలో యాదమ్మ ఒక్కతే లేదు. ఈ ఊళ్లు, ఈ మనుషులు, ఈ యాస అంతా ఉంది. ఓపీలో కూర్చున్నవాళ్లందరూ విన్నారు. నా కన్నా పదిహేనేళ్లు పెద్దదైన ఆ మనిషి తల వంచుకుని నిలబడింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

పిల్లను చేర్చుకున్నాం. ఒంట్లో నీరు తగ్గిపోతే చేతి నరాలు దొరకవు. అందుకని నెత్తి మీది నరానికి సూది పెడతాం. దాన్ని స్కాల్ప్ వెయిన్ అంటాం. కుడిపక్క జుట్టు గొరిగి మూడుసార్లు గుచ్చాను. నాలుగోసారికి దొరికింది. తలుపు అవతల స్వరూప ఏడుపు నాకు వినపడుతూనే ఉంది.

మేడమ్ వచ్చి చూసింది. స్వరూప రొమ్ములు ఆ పంపు లాగుడుకు పుండ్లు పడి ఉన్నాయి. పాలు పిండితే రెండు చెంచాలు రావడం గగనంగా ఉంది. "ఎటూ పాలు తగ్గిపోయాయి. డ్రిప్ తీసేశాక డబ్బా పాలు మొదలుపెట్టండి," అని చెప్పి వెళ్లిపోయింది. ఆవిడ గదిలో గోడకు డబ్బా కంపెనీ వాళ్లిచ్చిన క్యాలెండరు ఉండేది. దాని మీద బూరెబుగ్గల పిల్లాడు ఏడాది పొడుగునా నవ్వుతుండేవాడు.

మధ్యాహ్నం నేను యాదమ్మ దగ్గరికి వెళ్లింది జాలిపడి కాదు. కేస్ షీటులో కారణం రాయాలి. 'ఇంటివాళ్ల నిర్లక్ష్యం' అని రాసే ముందు ఆవిడ నోటితోనే ఒప్పించాలని వెళ్లాను. వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను నిలబడే అడిగాను.

"ఎందుకు మరగబెట్టలేదో చెప్పండి. రాసుకోవాలి."

"పాలు అగ్గిల పడొద్దు బిడ్డా," అంది యాదమ్మ. "తల్లిపాలు పొయ్యిల పడితే తల్లికి పాలెండుతయి. మా పెద్దదానికి గట్లనే అయింది. రొమ్ములు గట్టిపడితే గిన్నెల పిండినం. ఎవరో తెల్వక గా గిన్నె పొయ్యి పక్కన పెడితే ఒలికి అగ్గిల పడ్డయి. నాలుగొద్దులకు సుక్క లేదు. బర్రెపాలు పట్టినం. గా పిలగాడు దక్కలే."

ఆవిడ ఏడవకుండానే చెప్పింది. నేను కలం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నువ్వు మరగబెట్టమన్నవ్. పొయ్యి ముట్టిచ్చిన, గిన్నె పెట్టిన. నీళ్లు మస్లుతున్నయి. ఎంత కడిగినా పంపు బంతిల పాలు అంటుకొనే ఉన్నయి. నా బిడ్డ పాలు నా చేతులతోని అగ్గిల ఎట్ల ఎయ్యాలె? చెయ్యి రాలే. అందుకే పోయేనాడు నిన్ను అడగబోయిన. నువ్వు ఇననే లే."

అడగబోయింది. కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చి అడగబోయింది. ఆ మాట పొయ్యి దాకా వచ్చేసరికి నేను కేస్ షీటు మూసేశాను.

లోపల మంచం మీద నుంచి స్వరూప అంతా వింటోంది. "అక్కా, ఇంకొకటి," అంది. "ఆకలైనప్పుడల్లా పిల్ల నా రొమ్ము దిక్కే మూతి తిప్పేది. ఒకటి రెండుసార్లు అందుకొని గట్టిగనే గుంజింది. రెండు కిలోలు కాలే గదా అని నేనే పక్కకు తీసిన. పెడితే నువ్వు తిడ్తవని."

'ఇంటివాళ్ల నిర్లక్ష్యం' అన్న మాట నేను కేస్ షీటులో రాయలేకపోయాను. చప్పరించడం వచ్చేసిన పిల్లను నా నోటికి జడిసి తల్లి రొమ్ము నుంచి లాగేసింది. కడగడానికి వీల్లేని రబ్బరు బంతిలోంచి తీసిన పాలు పట్టింది. నేను చెప్పిన రెండు మాటల్లో వదిలేయాల్సిన దాన్ని ప్రాణంలా పాటించారు, పాటించాల్సిన దాన్ని పాటించలేకపోయారు. రెండిటికీ కారణం నేనే. ఆ రోజు నా మీద నాకొచ్చిన కోపం ముందు పొద్దున ఓపీలో చూపించింది ఏపాటిది?

"పెద్దమ్మా," అన్నాను. "ఇక పంపు వద్దు, గిన్నె ఒక్కటే. ముందు దాన్ని చన్నీళ్లతో కడిగి, ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోసి, తర్వాత మరగబెడితే పాలు నిప్పులో పడినట్టా?"

"కడిగినంక పాలెక్కడియి? పడనట్టే."

"అలా చేస్తారా?"

"గీ ముక్క ఆనాడే జెప్తే జేస్తుంటి గదా బిడ్డా."

నేరుగా మేడమ్ గదిలోకి వెళ్లాను. డబ్బా వద్దు, రొమ్ముకు పెట్టి చూద్దాం అన్నాను.

"రూలు నీకు తెలీదా?"

"తెలుసు మేడమ్. పిల్ల పాలు తాగుతానంటోంది. మనమే తాగనివ్వలేదు."

ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూసింది. తొమ్మిదేళ్లలో నేను ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "డ్రిప్ తీశాక రెండు రోజులు చూస్తా. బరువు పది గ్రాములు తగ్గినా డబ్బానే. నీ పూచీ మీద పెడుతున్నట్టు షీటులో నీ పేరుతో రాయి."

రాశాను. తగ్గితే పిల్ల ఏమవుతుందో నాకు తెలుసు.

విరేచనాలు కట్టి, డ్రిప్ తీసేశాక పిల్లను గుడ్డలు విప్పి తల్లి గుండెల మీద పడుకోబెట్టాం. ముందు రొమ్ముకు పెట్టడం, తాగినంత తాగనివ్వడం, అలిసిపోయాక మిగిలిన పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం. పంపును చెత్తబుట్టలో పడేశాను. చేత్తో పిండటం నేర్పుదామని స్టూలు లాక్కుని కూర్చుంటే యాదమ్మ నన్ను పక్కకు జరగమంది. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టింది, వీపు రాసింది, ఆ తర్వాత రెండు వేళ్లు నల్లటి భాగానికి కాస్త వెనకగా ఆనించి మెల్లగా నొక్కింది. పాలు సన్నటి ధారగా గిన్నెలోకి దిగాయి. నర్సింగ్ స్కూల్లో నాకు నేర్పింది సరిగ్గా అదే. ఆవిడకు ఎవరూ నేర్పలేదు. పంపు ఇచ్చేటప్పుడు మేము అడిగిందీ లేదు.

మొదటి రోజు తూకం ముల్లు కదల్లేదు. రెండో రోజు పెరగలేదు, తగ్గలేదు. మేడమ్ ముల్లునూ నన్నూ చూసి వెళ్లిపోయింది. మూడో రోజు ముప్పై గ్రాములు పెరిగింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

రొమ్ము పాలా, పిండిన పాలా అని నన్ను ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. ఏదో ఒకటే మంచిదని చెప్పే ధైర్యం నాకు లేదు. స్వరూపే నాలుగు నెలలకు మళ్లీ ప్యాకింగ్ పనికి వెళ్లింది. పొద్దున పాలు పిండి స్టీలు గిన్నెలో ఉంచి వెళ్తే యాదమ్మ పట్టేది. పిల్ల బాగానే పెరిగింది. ఏది కుదురుతుందో ఆ పిల్ల నోరు, ఆ తల్లి ఒళ్లు, ఆ ఇంటి పొయ్యి చెబుతాయి. మనం అడగాలి, అంతే.

రెండోసారి ఇంటికి వెళ్లే రోజు నేను మళ్లీ జాగ్రత్తలు చెప్పాను, ఈసారి నిదానంగా. అయ్యాక యాదమ్మ అలాగే కొంగు సర్దుకుంది. "ఇగ అడగొచ్చునా సిస్టరమ్మా?"

స్టూలు జరిపి కూర్చోమన్నాను. ఆరు ప్రశ్నలు అడిగింది. ఒక్కటి కూడా తెలివితక్కువది కాదు. అన్నింటికీ జవాబు చెప్పి లేచేసరికి, ఆయా నాకోసం తెచ్చి బల్ల మీద పెట్టిన టీ ఇంకా వేడిగానే ఉంది. పిల్ల నెత్తి మీద జుట్టు గొరిగిన చోట నాలుగు సూది మచ్చలు కనిపిస్తున్నాయి. స్వరూప వాటి మీదికి టోపీ లాగింది.