తొమ్మిది చోట్ల కొలిచిన పలక

మా తోడల్లుడు ముప్పైనాలుగేళ్లు కళ్లద్దాలు అరగదీశాడు. దుకాణం ముందు భాగంలో నవ్వుతూ ఫ్రేములు చూపించేవాళ్లు వేరు. వెనక గదిలో, నీళ్లు కారే సాన ముందు, నడుముకి రబ్బరు గుడ్డ కట్టుకుని నిలబడేది ఇతను. దుకాణంలో అందరూ ఇతన్ని ‘పావు పాయింటు మాస్టారు’ అనేవారు. పవరులో పావు పాయింటు తేడా కనిపిస్తే చాలు, కొనే మనిషి బయట గడియారం చూసుకుంటూ కూర్చున్నా సరే, ఆ అద్దం పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. నా చదువంతా ఇతని చేతి అద్దాల్లోంచే సాగింది. కాబట్టి ఇతని గురించి నేను రాసేదాంట్లో కాస్త పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

ఉద్యోగం మానేశాక వడ్రంగం పట్టుకున్నాడు. ఒకరికి అమ్మడానికి కాదు, సరదాకి. వంటింటి వెనక బట్టలుతికే మిషను ఉన్న గదే అతని కార్ఖానా. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాడు గుమ్మంలోంచే మాట్లాడాలి. నాలుగేళ్లలో స్టూళ్లు చేశాడు, మా ఆవిడకి కుట్టుపెట్టె చేశాడు, నాకు పుస్తకం ఏటవాలుగా నిలబెట్టుకునే పీట చేశాడు. అన్నీ చేతి చిత్రికతోనే. పలక మీద చిత్రిక తోస్తుంటే పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా లేచేది. కిందటేడు కుడి భుజం పట్టేసింది. డాక్టరు చూసి, చిత్రిక అన్నమాట మళ్లీ ఎత్తొద్దన్నాడు.

సరిగ్గా అప్పుడే దుకాణంవాళ్లు వెనక గదిని కొత్తగా చేయిస్తూ, ఇతను అన్నేళ్లూ నిలబడి పనిచేసిన పాత బల్లని ఊడబీకారు. దాని పలకలు ఆరు ఇంటికి తెచ్చుకున్నాడు. అయస్కాంతంతో తడిమి మేకులన్నీ లాగేశాడు. ఒక్కోటీ ఇరవైయారు మిల్లీమీటర్ల మందం. ముప్పైనాలుగేళ్ల నీళ్లు తాగి తలా ఒక రకంగా వంకర పోయాయి. వాటితో భోజనాల బల్ల చెయ్యాలని అతని కోరిక. చెక్కుతూ చెక్కుతూ పద్దెనిమిదికి కిందికి పోతే మాత్రం అవి బల్లకి పనికిరావు. అలాంటి చెక్క మళ్లీ దొరకదు. చిత్రిక పట్టే చెయ్యా, లేదు. మిగిలిన దారి ఒక్కటే, బెంచీ మీద పెట్టుకునే చిత్రిక మిషను. అది తప్పు ఎన్నుకుంటే పలకలు పోతాయి.

"అన్నయ్యా, రేపు నాతో రావాలి మీరు," అన్నాడు ఒకనాడు.

"నాకు మిషన్ల గురించి ఏం తెలుసయ్యా?"

"తెలియక్కర్లేదు. పలక మొయ్యాలి."

మా మరదలు లోపల్నుంచే అందుకుంది. "వెళ్లండి బావా. పుస్తకాలు మోసీ మోసీ బుర్ర అరిగింది, భుజం కూడా కాస్త అరగాలిగా."

అలా నేను పలక మోసే ఉద్యోగంలో చేరాను.

మిషన్ల కొట్టు యజమాని మాటకారి. మమ్మల్ని చూడగానే మూడు మిషన్లు చూపించి, మూడూ బంగారమే అన్నాడు. మా తోడల్లుడు నా చేతిలోంచి, పరీక్షకని తెచ్చిన మామూలు చెక్క అందుకుని, "ఓసారి నడిపి చూపిస్తారా?" అన్నాడు. చెక్క ఇటువైపు దూరి అటువైపు వచ్చాక, జేబులోంచి అద్దాల మందం కొలిచే గేజి తీశాడు. ఈ చివర మూడు చోట్ల, మధ్యలో మూడు చోట్ల, ఆ చివర మూడు చోట్ల కొలిచాడు. కొలిచిన చోటల్లా పెన్సిలుతో అంకె వేశాడు.

యజమాని నవ్వాడు. "సార్, ఇది చెక్కండీ. కంటద్దం కాదు."

"కంటద్దమైతే మీదాకా ఎందుకొస్తాను? నేనే చేసుకునేవాణ్ణి."

మొదటి మిషను చెక్క చివరికొచ్చేసరికి నాలుగు వేళ్ల మేర ఎక్కువ కొరికేసింది. రెండోది భారీది. ముందూ వెనకా పొడుగాటి ఇనుప రెక్కలు, ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. అది చివర కొరకలేదు గానీ ఎడమవైపుకీ కుడివైపుకీ గేజిలో ఒక గీత తేడా వచ్చింది. యజమాని ఏదో చెప్పబోయాడు. "వద్దు, తరవాతది," అన్నాడు మావాడు. మూడోది బుజ్జిది. సంచీలో పెట్టుకుని పోవచ్చు అన్నట్టుంది. దాంట్లోంచి వచ్చిన చెక్కని కొలిస్తే తొమ్మిది చోట్లా ఒకటే అంకె.

అయినా కొనలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఈసారి నా భుజం మీద ఉన్నది అసలు పలకల్లో ఒకటి. బుజ్జి మిషనులో రెండు ముఖాలూ ఆడించాడు. ఇరవైయారు కాస్తా ఇరవైమూడయింది, తొమ్మిది చోట్లా ఇరవైమూడే. ఆ మనిషి మొహంలో వెలుగు చూడాలి. యజమాని, "ఇంక ప్యాక్ చేయించనా?" అంటే, "రేపు చెప్తాను," అన్నాడు. సంతోషంగా ఉన్నప్పుడు ఏదీ కొనకూడదని అతని నియమం. అదే మమ్మల్ని కాపాడింది.

ఇంటికొచ్చి పలకని వంటింటి గట్టు మీద పెట్టాం. మా మరదలు తడిగుడ్డతో తుడవబోయింది. పలక టక్కుమంది. మళ్లీ చెయ్యేసింది, మళ్లీ టక్కుమంది. ఈ మూల నొక్కితే ఆ మూల లేస్తోంది.

"ఇదేమిటండీ, కుంటుతోంది?"

"కుంటడమేంటి? తొమ్మిది చోట్లా ఒకటే మందం."

"మందం ఒకటేనేమో, నాకేం తెలుసు. అచ్చం మీలాగే ఉంది. కొలతకి నిక్కచ్చి, కూర్చోమంటే కూర్చోదు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. పలకని తిరగేశాడు, నేల మీద పెట్టాడు, కన్ను ఆనించి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. పాత మెలి పాతచోటే ఉంది. మూడు మిల్లీమీటర్ల చెక్క మాత్రం పోయింది.

ఇంకొకరైతే మిషనుని తిట్టేవారు, లేదా కొట్టువాణ్ణి. ఇతను పలకని మళ్లీ గట్టు మీద పెట్టి, "తప్పు నాది," అన్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. "మా పనిలో మందమే దేవుడు అన్నయ్యా. చలవ కళ్లద్దం వంపుగానే ఉంటుందా? ఆ వంపుతో పేచీ లేదు, మందం అంతటా ఒకటైతే చూపు తిన్నగానే ఉంటుంది. ఆ లెక్క చెక్కకి పెట్టాను. మిషను లోపలి రోలర్లు పలకని అణిచిపట్టాయి, కత్తి కోసింది, బయటికి రాగానే పలక మళ్లీ తన వంకరలోకి తను పోయింది. వంకరగా ఇచ్చినదాన్ని వంకరగానే పలచన చేసింది. అది దాని పని. నేను అడిగింది అదే."

ఎంతో చదివిన నేను నా తప్పుని ఇంత తిన్నగా ఎప్పుడైనా ఒప్పుకున్నానా అని ఆలోచించాను. గుర్తుకు రాలేదు.

కొట్టు యజమానికి ఫోను చేస్తే, "ముందు ఒక ముఖాన్ని చదును చేసే మిషను వేరే ఉంటుందండీ. రెండూ తీసుకోండి," అన్నాడు. మావాడు గది వంక చూశాడు.

మా మరదలు అంది, "రెండోది కూడా పెట్టండి. నేను వీధిలో ఉతుక్కుంటాను."

మూడు రోజులు ఆ పలకల చుట్టూనే తిరిగాడు. ఏం మాట్లాడినా ‘ఊ’ అనేవాడు. నాలుగో రోజు పొద్దున్నే నేను పేపరు చదువుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, అద్దాన్ని సాన పట్టేటప్పుడు చేత్తో పట్టుకుంటామనుకున్నారా?"

"పట్టుకోరా?"

"పట్టుకుంటే వేళ్లు పోతాయి. ఇనప బిళ్ల మీద లక్క కరిగించి పోసి, అద్దాన్ని దానికి అతికిస్తాం. అద్దం వెనక ఏ వంకరున్నా లక్క నింపేస్తుంది. ఇంక సాన ఎంత నొక్కినా అద్దం వంగదు. పలకకి అదే చెయ్యాలి. ఇన్నాళ్లూ నా చేతుల్లోనే ఉంది చూడండి."

ఆ సాయంత్రానికి రెండు మందపాటి ప్లైవుడ్ ముక్కలు కలిపి అతికించి, పలకంత పొడుగున చదునైన అడుగుబల్ల తయారుచేశాడు. దాని చదునుని గాజుపలక ఆనించి చూశాడు. దానిమీద వంకర పలకని ఎలా ఉంటే అలా, ఏమాత్రం నొక్కకుండా పెట్టి, లేచిన మూలల కింద సన్నటి చెక్క చీలికలు దూర్చి, వేడి జిగురు చుక్కలు వేసేలా ఏర్పాటు. అలా మిషనులోకి పోతే పైముఖం చదునవుతుంది. పలకని ఊడదీసి, చదునైన ముఖం కిందికి పెట్టి రెండో ముఖం మామూలుగా ఆడిస్తే సరి.

మళ్లీ కొట్టుకి వెళ్లాం. నా భుజం మీద బరువు రెట్టింపయింది. ముందు ఒక పనికిరాని చెక్కని అడుగుబల్లకి అతికించి బుజ్జి మిషనుకి ఇచ్చాడు. సగం దాకా బాగానే పోయింది. సగం దాటగానే పొట్టి రెక్క మీద బల్ల ముందుకు ఒరిగి, తోక ఎగిరి, చెక్క మీద లోతుగా గాటు పడింది. మావాడు ఆ గాటుని వేలితో తడిమి, భారీ మిషను దగ్గరికి నడిచాడు. దాని పొడుగాటి రెక్కల మీద అదే బల్ల, నీళ్ల మీద పడవలా జారిపోయింది.

"ఇది ఇవ్వండి," అన్నాడు.

యజమాని నోరు తెరిచాడు. "మీరే కదండీ ఇది వద్దన్నది?"

"నేనే. ఆవేళ అడగాల్సింది ఒకటి, అడిగింది ఇంకొకటి. మరి ఆ గీత తేడా?"

"అదా! అడుగున మరలున్నాయండీ, రెండు తిప్పులు తిప్పితే సరి. ఆవేళ చెప్పబోతే మీరు విన్నారా?"

"వినలేదు," అన్నాడు మావాడు, సిగ్గుపడకుండా.

మిషను గదిలోకి చేరాక మొదట పెట్టింది ఆ ఇరవైమూడు పలకనే. పాడైతే పాడైనదే పాడవ్వాలి, మిగతా ఐదింటికి హాని రాకూడదని. కానీ ఐదింటితో బల్ల వెడల్పు రాదని ముగ్గురికీ తెలుసు. ఒక్కో విడతకి అర మిల్లీమీటరు. మెలి పోవడానికి పైముఖం మూడు మిల్లీమీటర్లు అడిగింది. రెండో ముఖం తిప్పాడు. ఇరవై. పంతొమ్మిదిన్నర. మధ్యలో ఇంకా కత్తి తగలని పల్లంలో, లోతుగా ఇంకిన నీటి మరక గీతలా కనిపిస్తోంది. పంతొమ్మిది. గీత సన్నబడింది గానీ పోలేదు. గుమ్మంలో నిలబడ్డ మా మరదలు పరాచికాలు మానేసింది. ఇంకొక్క విడత. పద్దెనిమిదిన్నర దగ్గర ముఖమంతా ఒకే తేనెరంగులోకి వచ్చింది.

నేల మీద గాజు పరిచి పలక దానిమీద పెట్టాడు. "నొక్కండి," అన్నాడు నాతో. ఒక మూల నొక్కాను. ఎదురు మూల నొక్కాను. చప్పుడు లేదు.

"ఇంకా గట్టిగా నొక్కండి బావా," అంది మరదలు. "గాజు పగిలితే ఆయన ఇంకోటి చేస్తారు."

మిగతా ఐదూ ఇరవైకి దిగకముందే చదునయ్యాయి. అక్కడ ఆపి, ఆ పలచటిదాన్ని బల్లలో ఏ అంచునో కలిపేసి ఉంటే నాలాంటివాడి కంటికి తెలిసేది కాదు. అతను ఐదింటినీ పద్దెనిమిదిన్నరకి దింపాడు, ఒక్కొక్కటిగా, రెండు రోజులు. పలకని తోసేది మిషనే. ఇతని కుడిచెయ్యి పక్కన నిలబడి దారి చూపేది, అంతే. చేతికి నొప్పి ఉందా అని అడిగితే, "ఏ చెయ్యి?" అన్నాడు.

మూడో రోజు ఆరు పలకలూ పక్కపక్కన పేర్చి, అంచులకి జిగురు రాసి, బిగింపులు వేస్తున్నాడు. నేను గుమ్మంలో పుస్తకంతో నిలబడ్డాను.

"అన్నయ్యా, ఆ పేజీ తరవాత. అటు చివర పట్టుకోండి, జిగురు ఆరిపోతోంది."

పుస్తకం ఉతికే మిషను మీద పెట్టి, పట్టుకున్నాను.