ప్లాస్మా మెన్నో

మా లేవార్డెన్ ఊళ్లో మెన్నో టెర్ప్‌స్ట్రా ఇల్లెక్కడ అని అడిగి చూడండి, అందరూ తలలు అడ్డంగా ఊపుతారు. ప్లాస్మా మెన్నో అనండి, కాలువలో బాతులు కూడా దారి చూపిస్తాయి. వంతెన కాపలా అతని ఉద్యోగం. పడవ వస్తే గంట మోగించి, సైకిళ్లను ఆపి, వంతెనను పైకి లేపుతాడు. పడవ దాటేటప్పుడు గాలపు కర్రకు కట్టిన చెక్క చెప్పును కిందికి దించితే, పడవవాళ్లు అందులో వంతెన రుసుం వేస్తారు. ఏళ్ల తరబడి ఇదే పని. మనిషి నెమ్మదస్తుడు, ఎవరితోనూ మాట పట్టింపు లేదు. ఇంత మంచివాడికి ఒకే ఒక్క పిచ్చి. ఆ పిచ్చి గోడకు గోడంత ఉంటుంది.

పెళ్లయిన ఏడు కొన్న ప్లాస్మా టీవీ అది. దూడంత బరువు. పెట్టిన కాసేపటికి సన్నగా గురక పెడుతుంది, గంటయ్యేసరికి పొయ్యిలా కాగుతుంది. దాని మీద మెన్నో ఆడేది ఒకే ఒక్క పాత గేము. గడ్డకట్టిన కాలువల మీద స్కేట్లు కట్టుకుని దూసుకుపోయే పందెం. వంతెన వచ్చినప్పుడల్లా తల వంచాలి, వంచకపోతే బొక్కబోర్లా పడాలి. పగలంతా వంతెన మీద కూర్చునేవాడికి సాయంత్రం వంతెన కింద దూరడంలో ఏం సుఖమో ఆ దేవుడికే తెలియాలి. కొత్త రకం తెరల మీద ఆడుకోవచ్చు కదా అని ఎవరన్నా అంటే మాత్రం మెన్నో ముఖం మారిపోయేది. కొత్తవాటిలో స్కేటరు పరుగెడితే వెనకాల తోక సాగుతుందట, బఠాణీల సూపులో ఈదుతున్నట్టు ఉంటుందట. చీకటి చీకటిలా ఉండదట, పాత గేముల రంగులు పాలిపోయి జ్వరం వచ్చినట్టు కనిపిస్తాయట. ఇంకోటి కొందామంటే ప్లాస్మాలు చేయడం ఎప్పుడో మానేశారు. అందుకే అది అతని పంచప్రాణాలు.

భార్య రెన్స్కె సర్దుకుపోయింది. సర్దుకుపోనివాడు ఆమె తమ్ముడు యెల్మర్. కళ్లజోళ్ల దుకాణం అతనిది. ఇంట్లో బిస్కట్టు మందాన కొత్త తెర. పిసినారితనంలో మాత్రం అతన్ని కొట్టేవాడు ఊళ్లో లేడు. చలికాలంలో వాళ్లింటికి వెళ్తే హీటరు పెంచడు, చేతికి ఒక దుప్పటి ఇస్తాడు. "బావా, అది టీవీ కాదు, రొట్టెల పొయ్యి. ఒకసారి దుకాణానికి రా, కళ్లు చూస్తాను," అని వచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు. అని, వెంటనే నేల మీద చతికిలబడి రెండో రిమోటు అందుకునేవాడు. ఆడేవాడు, ఓడేవాడు, ఓడిన ప్రతిసారీ తప్పు టీవీదే అనేవాడు.

ఒక క్రిస్మస్‌కు యెల్మర్ మహా ఘోరంగా ఓడాడు. ఫలితాల పట్టిక తెర మధ్యలో పెద్ద అక్షరాలతో వచ్చింది: ఒకటి మెన్నో, రెండు యెల్మర్. ఆ ఆనందంలో మన పెద్దమనిషి ఏం చేశాడయ్యా అంటే, వచ్చిపోయే చుట్టాలందరూ చూసి తరించాలని సెలవులన్నాళ్లూ దాన్ని ఆపకుండా అలాగే వదిలేశాడు. ప్లాస్మాకి ఒక జబ్బుంది. కదలని బొమ్మ ఎక్కువసేపు నిలిస్తే మచ్చలా పడిపోతుంది, ఇక పోదు. ఆ రోజు నుంచీ వార్తలు పెట్టినా, వంటల కార్యక్రమం పెట్టినా, మధ్యలో లీలగా అదే మాట: ఒకటి మెన్నో, రెండు యెల్మర్. రెన్స్కె తల పట్టుకుంది. మెన్నో మాత్రం మచ్చ కూడా ఒక అందమే అన్నాడు.

అలా ఉండగా రెండో అంతస్తు ఇంటి నుంచి పక్క వీధిలో నేల అంతస్తు ఇంటికి మారారు. మా ఊరి మెట్లు నిచ్చెనకు అక్కచెల్లెళ్లు, వాటి మీంచి పెద్ద సామాను దిగదు. ఇంటి నెత్తిన ఉన్న కొక్కేనికి తాడు వేసి, కిటికీలోంచి దించాలి. తాడు పట్టడానికి వస్తానన్న యెల్మర్, తీరా ఆ పొద్దున నడుం పట్టేసిందని కబురు పెట్టాడు. భార్యాభర్తలిద్దరే దేవుడా దేవుడా అనుకుంటూ టీవీని కాలిబాట మీదికి దించారు. సరిగ్గా అప్పుడు చర్చి గంట పదిన్నర కొట్టింది. పదిన్నర అంటే కాఫీ. ఇల్లు తగలబడుతున్నా మా వాళ్లు కాఫీ తాగి, దాంతో ఒక బిస్కట్టు తిని, అప్పుడు నీళ్ల బకెట్టు వెతుకుతారు. ఇద్దరూ పైకి వెళ్లి కాఫీ తాగారు.

ఆ రోజు పెద్ద చెత్త రోజు. వీధి పొడుగునా విరిగిన సోఫాలూ, కుంటి కుర్చీలూ బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు బయట పెట్టిన వస్తువు ఎవరిదైనా ఎవరైనా పట్టుకుపోవచ్చు, అడిగే హక్కు ఎవరికీ లేదు. మా తాతల నాటి ఆచారం. ఆ బారులో తన ప్రాణాన్ని నిలబెట్టి పైకి పోయాడు మెన్నో. దిగి వచ్చేసరికి కుంటి కుర్చీలున్నాయి, టీవీ లేదు.

ఆ తర్వాత మెన్నో మనిషిలా లేడు. రెన్స్కెకు జాలేసి ఒక కొత్త తెర తెచ్చింది. ఆడి చూశాడు. మొదటి వంతెనకే తల తగిలి పడ్డాడు, రిమోటు పక్కన పెట్టి మంచంలో ముసుగుతన్నాడు. ఉద్యోగంలోనూ పరధ్యానమే. ఒకనాడు చెక్క చెప్పును చూసుకోకుండా దించితే, అది పోయి పడవ నడిపే ముసలాయన బట్టతల మీద టంగున మోగింది. ఆ దెబ్బకు ఆయన రుసుం ఎగ్గొట్టి, వంతెన అవతలి నుంచి వినరాని మాటలు అన్నాడు. యెల్మర్ పరామర్శకు వచ్చాడు కానీ, నడుం పట్టుకుని వంకరగా నడుస్తూ వచ్చాడు. పోయిందేదో పోయిందిలే బావా అన్నాడు. టీవీ ఊసెత్తగానే ముఖం తిప్పేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ని మనం చూశాం. ఇతగాడు నడుం తడుముకున్నాడు, అయినా పాపం మెన్నోకి తట్టలేదు.

జనవరిలో మంచు కురిసింది. పొద్దున్నే వంతెన గదిలో కూర్చుని మెన్నో ఊరంతా చూశాడు. పైకప్పులన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క ఇంటికి మాత్రం అటక మీద పెంకులు నల్లగా, చాపంత మేర మంచు కరిగి బోడిగా ఉంది. ఆ బోడి మీద ఊళ్లోని పిల్లులన్నీ ఒళ్లు విరుచుకుని పడుకున్నాయి. ఇల్లెవరిదా అని చూస్తే యెల్మర్‌ది. అతిథికి దుప్పటి ఇచ్చేవాడు అటకకు హీటరు పెడతాడా? మెన్నో చేతిలోని కాఫీ చల్లారిపోయింది. పుట్టాక అదే మొదటిసారి.

ఆ ఆదివారమే యెల్మర్ పుట్టినరోజు. మా పుట్టినరోజులు తెలిసినవే కదా. కుర్చీలు గుండ్రంగా వేసి, పుట్టినవాడికే కాదు, వాడి అక్కకూ, అత్తకూ, పక్కింటివాడికీ శుభాకాంక్షలు చెప్పి, ఒక్క ముక్క కేకు తిని, ఇంకో ముక్క వద్దని చెప్పాలి. అందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కేకు తింటున్నారు. మెన్నో అందరి చేతులూ వరసగా కలిపి, కాలకృత్యమని చెప్పి లేచి, తిన్నగా అటకెక్కాడు.

పైన చక్కని వెచ్చదనం. మూలన, ఎవరో ఆడుతూ ఆపకుండా వదిలేసినట్టు, తన ప్లాస్మా గురక పెడుతూ ఉంది. తెర మధ్యలో లీలగా, ఒకటి మెన్నో, రెండు యెల్మర్. మెన్నోకి కళ్లనీళ్లు తిరిగాయి. వెనకే ఆయాసపడుతూ ఎక్కి వచ్చిన యెల్మర్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఒక్కడివే ఎలా మోశావురా దీన్ని?" అన్నాడు మెన్నో. తిట్టాల్సినవాడు ముందు అదే అడిగాడు.

"అదే బావా, అప్పుడే నిజంగా నడుం పోయింది," అన్నాడు యెల్మర్.

పొద్దున నొప్పి అబద్ధమట. తాడు లాగడానికి బద్ధకమేసి అలా చెప్పాడట. తర్వాత మనసు ఊరుకోక, సాయం చేద్దామని ముందు తొట్టి ఉన్న సైకిలేసుకుని వచ్చేసరికి టీవీ చెత్త బారులో ఒంటరిగా కనిపించిందట. ఆ పాత గేమునూ రెండు రిమోట్లనూ తర్వాత సంతలో చవగ్గా కొన్నాడట. ఇదంతా చెప్పి గొంతు సవరించుకున్నాడు. "అయినా చెత్త రోజు బయట పెట్టింది తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? ఎవర్నయినా అడుగు."

అడగనక్కర్లేదు. ఆచారం యెల్మర్ పక్షమే. ఈలోగా వెచ్చని గాలి మెట్ల మీంచి కిందికి దిగిందో ఏమో, చుట్టాలు ఒక్కొక్కరే కుర్చీలతో సహా అటకెక్కి, అక్కడా గుండ్రంగా కూర్చున్నారు. రెన్స్కె సంగతంతా విని, తమ్ముడి చెవి మెలిపెట్టి తీర్పు చెప్పింది. "ఒక్క ఆట ఆడండి. గెలిచినవాడు పట్టుకుపోతాడు. తర్వాత ఈ ముండమోపి టీవీ ఊసు నా ముందు ఎవరూ ఎత్తకూడదు."

యెల్మర్ రిమోటు పట్టాడు కానీ, అత్తలందరూ తెర మీది మచ్చను గట్టిగా చదవడం మొదలుపెట్టేసరికి సిగ్గేసింది. కిందికి పరుగెత్తి నల్ల టేపు తెచ్చి, రెండు పేర్ల మీదా అడ్డంగా అంటించాడు.

"వద్దురా, వచ్చే వంతెన కనబడదు," అన్నాడు మెన్నో.

"నీ సలహాలు నువ్వే ఉంచుకో బావా," అన్నాడు యెల్మర్.

ఆట మొదలైంది. నిజం చెప్పాలి, యెల్మర్ బాగా ఆడాడు. ఇన్నాళ్లు అటకలో కసరత్తు చేసినవాడాయె. చివరి మలుపు దాకా అతనే ముందు. ఓడితే మెన్నోకి ఇక ఈ జన్మకు ప్లాస్మా లేదు. అప్పుడు టేపు వెనక నుంచి ఒక వంతెన వచ్చింది. మెన్నో చూడలేదు, అతనికి చూడనక్కర్లేదు, చేయి దానంతటదే స్కేటరు తల వంచేసింది. యెల్మర్ స్కేటరు మాత్రం ఢామ్మని పడి మంచు మీద జారుతూ పోయాడు. ఫలితాల పట్టిక వచ్చింది. రెన్స్కె టేపు పీకింది. కొత్త అక్షరాలు పాత మచ్చ మీద అచ్చంగా అతికినట్టు కూర్చున్నాయి.

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే యెల్మర్ ముఖంలో ఏడుపొక్కటే తక్కువ. ఓడినందుకు కాదట. "తెచ్చుకున్నానే గానీ బావా, ఒక్కణ్నే ఆడితే ఏం బాగుంటుంది. రోజూ నీ పేరు చూస్తూ కూర్చున్నాను. నువ్వేమో మా ఇంటికి రావడమే మానేశావు," అన్నాడు. మెన్నో రెండో రిమోటు వైరు జాగ్రత్తగా చుట్టి, తన జేబులో పెట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం రా, దుప్పటి అక్కర్లేదు అని మాత్రం చెప్పాడు.

మర్నాడు పొద్దున యెల్మర్ ఇంటి కొక్కేనికి తాడు వేసి టీవీని కాలిబాట మీదికి దించారు. అది కాలిబాటను తాకిందో లేదో, చర్చి గంట పదిన్నర కొట్టింది. చుట్టుపక్కల ఇళ్లన్నిటిలోంచీ కాఫీ వాసన బయలుదేరింది. తాడు పట్టిన వాళ్లంతా గబగబా లోపలికి పోయారు. మెన్నో కదల్లేదు. మంచులో, ముక్కు ఎర్రబడి, రెండు చేతులతో టీవీని కావలించుకుని నిలబడ్డాడు. ఇంత చలిలో, ఇంత కాఫీ వాసనలో, మా ఊరి మనిషి చేసిన అతి పెద్ద త్యాగం అదే అని నేనంటాను.

కాసేపటికి తలుపు తీసుకుని, నడుం పట్టుకుని యెల్మర్ వచ్చాడు. ఒక చేతిలో కాఫీ, సాసరులో బిస్కట్లు. ఒకటి కాదు, రెండు.